సంధి కుదిరిన తరువాత
మొజాంబిక్ శాంతి నిర్మాణంలో ధార్మిక సేవాసంస్థల పాత్ర

తెలుగు వ్యాకరణం చదివే విద్యార్థికి ‘సంధి’ అనే మాట చాలా తొందరగానే పరిచయమవుతుంది. రెండు మాటలు చేరినచోట కలిగే మార్పుకు అది పేరు. ‘వాడు’, ‘ఎవడు’ కలిసి ‘వాడెవడు’ అయినప్పుడు మొదటి మాట చివరి ఉకారం స్థూలంగా చెప్పాలంటే లోపిస్తుంది. ‘మా’, ‘అమ్మ’ కలిసి ‘మాయమ్మ’ అయినప్పుడు రెండింటిలోనూ లేని యకారం కొత్తగా వచ్చి చేరుతుంది, అది ఆగమం. ‘వాడు’, ‘కొట్టె’ అనేవి ‘వాడుగొట్టె’ అయినప్పుడు కకారం తొలగి ఆ స్థానంలో గకారం నిలుస్తుంది, అది ఆదేశం.

రాజనీతిలోనూ మనం ఈ మాటనే వాడుతున్నాము. యుద్ధం చేసిన పక్షాలు కాగితం మీద సంతకాలు చేసిన నాడే సంధి పూర్తి అయినదని పత్రికలు వ్రాస్తాయి. కాని వ్యాకరణ విద్యార్థి అంతటితో తృప్తి పడనక్కరలేదు. ఈ సంధిలో లోపించినదేమిటి? కొత్తగా వచ్చి చేరినదేమిటి? దేని స్థానంలో ఏది నిలిచింది? ఈ మూడింటికీ సమాధానం దొరకని సంధి రెండు మాటలను దగ్గరగా వ్రాయడమే గాని కలపడం కాదు.

ఆఫ్రికా ఖండపు ఆగ్నేయ తీరంలోని మొజాంబిక్ దేశ చరిత్రను ఈ దృష్టితో పరిశీలించడం మన విద్యార్థులకు ప్రయోజనకరమని నా అభిప్రాయం. అక్కడ 1977 ప్రాంతంలో మొదలైన అంతర్యుద్ధం 1992లో ముగిసింది. ఆ ముగింపులోను, తరువాతి పునర్నిర్మాణంలోను మతవిశ్వాసం ప్రేరణగా పనిచేసిన సేవాసంస్థలు చెప్పుకోదగిన పాత్ర వహించాయి. ఆ పాత్ర ఎటువంటిది, ఎంతవరకు ఫలించింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ వ్యాస విషయం.

1. యుద్ధానికి పూర్వరంగం

పోర్చుగీసువారి వలసపాలన నుండి మొజాంబిక్ 1975 జూన్ 25వ తేదీన విముక్తి పొందింది. 1964 నుండి సాయుధ పోరాటం సాగించిన ఫ్రెలిమో పక్షం అధికారంలోకి వచ్చింది. సమోరా మషెల్ తొలి అధ్యక్షుడయ్యాడు. పోర్చుగీసు నిపుణులు, ఉద్యోగులు వేల సంఖ్యలో దేశం విడిచి వెళ్ళిపోయారు. ప్రజలలో అత్యధికులు నిరక్షరాస్యులు. మార్క్సిస్టు మార్గాన్ని అనుసరించిన కొత్త ప్రభుత్వం మిషన్ పాఠశాలలను, ఆసుపత్రులను జాతీయం చేసింది. మత సంస్థలను అనుమానంతో చూసింది. రైతులను వారి పాత నివాసాల నుండి తరలించి సామూహిక గ్రామాలలో చేర్చే ప్రయత్నం పల్లెలలో అసంతృప్తికి కారణమయింది.

ఈ అసంతృప్తిని పొరుగు దేశాలు వాడుకున్నాయి. నాటి రొడీషియాను పాలిస్తున్న శ్వేతజాతి ప్రభుత్వపు గూఢచారి విభాగం అండతో రెనామో అనే తిరుగుబాటు దళం ఏర్పడింది. 1980లో రొడీషియా జింబాబ్వేగా స్వతంత్రమైన తరువాత, వర్ణవివక్షను పాటిస్తున్న దక్షిణాఫ్రికా ఆ దళాన్ని పోషించింది. అఫోన్సో ద్లకామా దాని నాయకుడు. రైలుమార్గాలు, పాఠశాలలు, గ్రామ ఆరోగ్యకేంద్రాలు ఆ దళానికి లక్ష్యాలైనాయి. పసిపిల్లలను ఎత్తుకొనిపోయి వారి చేతికి తుపాకులిచ్చిన ఘట్టాలు ఆ యుద్ధపు అతి దారుణ అధ్యాయం. యుద్ధం వల్లను, దానితో కలిసివచ్చిన కరవు వల్లను మరణించినవారు పది లక్షల వరకు ఉంటారని అంచనా. సుమారు 17 లక్షల మంది పొరుగు దేశాలలో శరణార్థులైనారు. వారిలో అత్యధికులకు చిన్న దేశమైన మలావీ ఆశ్రయమిచ్చింది. మరి కొన్ని లక్షల మంది స్వదేశంలోనే ఇల్లూ వాకిలీ కోల్పోయారు. ఇదంతా కోటిన్నరకు మించని జనాభా గల దేశంలో జరిగినదని గుర్తుంచుకోవాలి.

2. నమ్మకం ఎక్కడి నుండి వచ్చింది?

రాయబారి మాటకు విలువ వచ్చేది రెండు పక్షాలూ అతనిని నమ్మినప్పుడే. మొజాంబిక్‌లో అట్టి నమ్మకాన్ని సంపాదించినది ఏ అగ్రరాజ్యమూ కాదు. రోము నగరంలో విద్యార్థులు స్థాపించిన ఒక చిన్న సమాజం.

1968లో ఆంద్రేయా రికార్డి అనే పద్దెనిమిదేండ్ల విద్యార్థి తన తోటి విద్యార్థులతో కలిసి రోము శివార్లలోని పేదపిల్లలకు చదువు చెప్పడం ప్రారంభించాడు. తరువాత వారికి కేంద్రమైన పాత మఠం పేరుమీదుగా ఆ సంస్థ ‘సాంత్ ఎజీడియో సమాజం’ అని ప్రసిద్ధి పొందింది. అది కాథలిక్ విశ్వాసం గలవారి సంస్థయే గాని, సభ్యులలో అత్యధికులు మతగురువులు కారు. ఉద్యోగాలు చేసుకొంటూ తీరిక వేళలలో సేవ చేసే గృహస్థులు.

మొజాంబిక్‌లోని బెయిరా నగర బిషప్ జైమే గొన్సాల్వెస్ రోములో చదువుకున్న రోజులలో ఈ సమాజంవారితో స్నేహం ఏర్పడింది. స్వదేశంలో మతసంస్థలు ఎదుర్కొంటున్న ఇబ్బందులను ఆయన వారికి తెలియజేశాడు. వారు చేసిన పని మనం శ్రద్ధగా గమనించదగినది. ఫ్రెలిమో ప్రభుత్వానికి ఇటలీలోని కమ్యూనిస్టు పార్టీతో మైత్రి ఉన్నది కనుక, ఆ పార్టీ నాయకుడు ఎన్రికో బెర్లింగ్వేర్‌తో బిషప్ సమావేశమయ్యేటట్లు చేశారు. దైవవిశ్వాసులు ఒక న్యాయమైన పని కోసం కమ్యూనిస్టు నాయకుని తలుపు తట్టడానికి సంకోచించలేదు. 1980ల మధ్యకాలంలో కరవు ముదిరినప్పుడు ఇటలీలో ఆహారం, మందులు సేకరించి మొజాంబిక్‌కు పంపారు. ఆ సహాయానికి ప్రతిఫలంగా ఏ హక్కూ కోరలేదు. ఈ విధంగా ప్రభుత్వానికి వారి మీద నమ్మకం కుదిరింది.

రెండవ పక్షం అడవులలో ఉన్నది. 1988లో బిషప్ గొన్సాల్వెస్ రెనామో స్థావరానికి వెళ్ళి ద్లకామాను కలుసుకున్నాడు. ఇద్దరిదీ ఒకే మాతృభాష. మధ్య మొజాంబిక్‌లో మాట్లాడే ఎన్‌డావు భాష. పోర్చుగీసు రాజభాషగా గల దేశంలో, ఆ భాషలో ప్రారంభమైన సంభాషణ ఇద్దరి మధ్య దూరాన్ని తగ్గించింది. మరుసటి సంవత్సరం నైరోబీలో కాథలిక్, ప్రొటెస్టంటు సంఘాల పెద్దలు రెనామో ప్రతినిధులతో సమావేశమైనారు.

3. రోములో ఇరవైయేడు నెలలు

1990 జూలై 8వ తేదీన రెండు పక్షాల ప్రతినిధులు తొలిసారిగా సాంత్ ఎజీడియో మఠంలో ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి సమావేశాంతంలో విడుదలైన ఉమ్మడి ప్రకటనలో వారు తమను తాము ఒకే మొజాంబిక్ కుటుంబానికి చెందినవారుగా పేర్కొన్నారు. అంతవరకు ఒకరు ‘బందిపోట్లు’ అని, ఇంకొకరు ‘నియంతలు’ అని పిలుచుకొన్నవారే వీరు. పిలుపు మారడం చిన్న విషయంగా తోచవచ్చు. కాని భాషను చదివేవారికి దాని బరువు తెలుస్తుంది. బందిపోటుతో సంధి ఉండదు. కుటుంబ సభ్యునితోనే ఉంటుంది.

మధ్యవర్తులు నలుగురు. ఇటలీ పార్లమెంటు సభ్యుడు మారియో రఫాయెల్లి, బిషప్ గొన్సాల్వెస్, సాంత్ ఎజీడియో పక్షాన రికార్డి, మత్తేయో జుప్పి. జుప్పి 2019లో కార్డినల్ అయినాడు. పదకొండు విడతలుగా, ఇరవైయేడు నెలలు చర్చలు సాగాయి. 1990 డిసెంబరులో రెండు రైలు, రహదారి మార్గాల వరకు మాత్రమే వర్తించే పరిమితమైన ఒడంబడిక జరిగింది. చివరకు 1992 అక్టోబరు 4వ తేదీన జోకిం షిసానో, ద్లకామా సంపూర్ణ శాంతి ఒప్పందంపై సంతకాలు చేశారు. ఆ తేదీని మొజాంబిక్ ప్రజలు శాంతి దినంగా జరుపుకుంటారు.

ఈ విజయమంతా ఒక సేవాసంస్థదే అని వ్రాస్తే చరిత్రకు అన్యాయం చేసినట్లవుతుంది. అప్పటికి సోవియట్ యూనియన్ కూలిపోయింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష అంతమయ్యే దశ వచ్చింది. 1990లో మొజాంబిక్ బహుళపక్ష రాజ్యాంగాన్ని స్వీకరించింది. 1992లో వచ్చిన తీవ్రమైన అనావృష్టి రెండు సైన్యాలకూ తిండి లేకుండా చేసింది. ఇటలీ ప్రభుత్వం ధనసహాయం చేసింది. ఐక్యరాజ్య సమితి, ఇతర దేశాలు పరిశీలకులను పంపాయి. అయినా అలసిన శత్రువులు మాట్లాడుకోవడానికి ఒక ఇల్లు కావాలి. ఆ ఇల్లు ఎవరిదైతే ఇద్దరూ గడప దాటుతారో, వారిది కావాలి. సేవాసంస్థ సమకూర్చినది ఆ ఇంటిని.

4. లోపం, ఆదేశం: తుపాకి పోయి పార వచ్చిన కథ

ఒప్పందం అమలును పర్యవేక్షించడానికి ఐక్యరాజ్య సమితి 1992 డిసెంబరులో శాంతిదళాన్ని నియమించింది. మన భారతదేశపు సైనికులు కూడా అందులో పాల్గొన్నారు. రెండు పక్షాల నుండి డెబ్బైవేలకు మించి సైనికులు విధుల నుండి విడుదలైనారు. 1994 అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. షిసానో అధ్యక్షుడుగా ఎన్నికైనాడు. రెనామో 250 స్థానాలలో 112 గెలుచుకొని ప్రతిపక్షంగా శాసనసభలో కూర్చున్నది.

కాని ఆయుధాలన్నీ అప్పగించబడలేదు. అనేకం పొలాలలో పాతిపెట్టబడినాయి. ఇంటి చూరులలో దాచబడినాయి. ఐక్యరాజ్య సమితి దళం వెళ్ళిపోయిన తరువాత వీటి సంగతి ఏమిటన్న ప్రశ్న వచ్చింది. 1995లో మొజాంబిక్ క్రైస్తవ మండలి, ఆంగ్లికన్ బిషప్ దీనిస్ సెంగులానే నాయకత్వాన ‘ఆయుధాలను పారలుగా మార్చుట’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఖడ్గాలను నాగటి కర్రులుగా సాగగొట్టుకొనే కాలం వస్తుందన్న ప్రాచీన ప్రవక్త భావన దానికి ప్రేరణ.

పద్ధతి సరళమైనది. తుపాకిని తెచ్చి ఇచ్చినవానిని ఎవరివి, ఎక్కడివి అని నిలదీయరు. దానికి బదులుగా పార, కుట్టుమిషను, సైకిలు, ఇంటికప్పు రేకులు వంటి బ్రతుకుతెరువు సాధనమేదైనా ఇస్తారు. ఒక గ్రామం వందల కొద్దీ ఆయుధాలను పోగుచేసి ఇచ్చి ట్రాక్టరును పొందింది. సేకరించిన ఆయుధాలను తిరిగి పనికిరాకుండా ముక్కలు చేసి, కొన్నింటిని మపూతో నగర శిల్పులకు ఇచ్చారు. కెస్టర్ అనే శిల్పి 2001లో ఆ ముక్కలతో ఒక కుర్చీని నిర్మించాడు. ‘ఆయుధాల సింహాసనం’ అనే ఆ శిల్పం నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. అందులో వాడిన తుపాకులలో ఒక్కటి కూడా ఆఫ్రికాలో తయారైనది కాదు. ఐరోపాలోను, ఆసియాలోను తయారైన తుపాకులవి. చచ్చినవారు మాత్రం ఆఫ్రికా రైతులు.

దేశంలో మిగిలిన ఆయుధాలతో పోలిస్తే ఈ సేకరణ స్వల్పమే కావచ్చు. దాని విలువ మరొకచోట ఉన్నది. ఖాళీ చేతులతో ఇంటికి పోయిన సైనికుడు ఆకలి వేసిన నాడు మళ్ళీ తుపాకినే వెదుక్కుంటాడు. కకారాన్ని తొలగించి ఊరుకుంటే మాట విరిగిపోతుంది. గకారం వచ్చి నిలిస్తేనే మాట పూర్తి అవుతుంది. ఈ సూక్ష్మాన్ని గ్రహించిన కార్యక్రమం కనుకనే ఇది లోకదృష్టిని ఆకర్షించింది.

ఇక్కడ మరొక విషయం చెప్పవలసి ఉన్నది. 1983లో స్వీకరించిన మొజాంబిక్ జాతీయ పతాకంపై తెరచిన పుస్తకం మీద పార, తుపాకి ఒకదానినొకటి దాటుతున్నట్లు చిత్రించబడి ఉన్నాయి. తుపాకిని తొలగించాలని కొందరు కోరగా 2005లో కొత్త పతాకం కోసం పోటీ కూడా జరిగింది. పతాకం మాత్రం మారలేదు. స్వాతంత్ర్య పోరాట స్మృతిగా దానిని గౌరవించేవారు ఉన్నారు. అంతర్యుద్ధ స్మృతిగా దానిని చూసి వెరచేవారూ ఉన్నారు.

5. ఆగమం: కొత్తగా వచ్చి చేరినవి

శరణార్థులు లక్షల సంఖ్యలో స్వగ్రామాలకు తిరిగివచ్చారు. మందుపాతరల భయం వల్ల పొలాలు బీళ్ళుగా పడి ఉన్నాయి. దేశం మందుపాతరల నుండి పూర్తిగా విముక్తమైనదని ప్రకటించడానికి 2015 సెప్టెంబరు వరకు పట్టింది. అనగా సంతకం ఆరిన తరువాత ఇరవైమూడేండ్లు!

ఈలోగా ఎయిడ్స్ రూపంలో మరొక మృత్యువు వచ్చిపడింది. ఆఫ్రికా పేదలకు ఖరీదైన మందులు ఇవ్వడం సాధ్యం కాదు, నివారణ ప్రచారం ఒక్కటే మార్గం అని పెద్దపెద్ద సంస్థలు భావిస్తున్న కాలమది. సాంత్ ఎజీడియో సమాజం 2002లో మొజాంబిక్‌లోనే ‘డ్రీమ్’ అనే కార్యక్రమాన్ని ఆరంభించి, ఐరోపాలోని రోగికి అందే చికిత్సనే ఇక్కడి రోగికి ఉచితంగా ఇవ్వసాగింది. మందులతోపాటు పౌష్టికాహారం, రక్తపరీక్షలు, తల్లి నుండి బిడ్డకు వ్యాధి సోకకుండా చికిత్స ఇచ్చింది. కోలుకొన్న స్త్రీలే ఇతర రోగుల ఇండ్లకు వెళ్ళి ధైర్యం చెప్పే కార్యకర్తలైనారు. తరువాత ఈ కార్యక్రమం ఆఫ్రికాలోని ఇతర దేశాలకు వ్యాపించింది.

ఈ ఘట్టంలో మన దేశానికి కూడా సంబంధమున్నది. 2001లో ఒక భారతీయ ఔషధ సంస్థ ఎయిడ్స్ మందులను రోజుకు ఒక డాలరు కంటె తక్కువ ఖర్చుతో అందించగలనని ప్రకటించడంతో ప్రపంచంలో వాటి ధరలు పడిపోయాయి. అప్పటి నుండి ఆఫ్రికా రోగులు వాడే ఈ మందులలో అధికభాగం భారతదేశంలోనే తయారవుతున్నది. వాటి తయారీకి మన హైదరాబాదు ఒక ముఖ్య కేంద్రం. దయకు కూడా సరసమైన ధర గల మాత్ర అవసరమని దీనివల్ల తెలుస్తున్నది.

6. మిగిలిపోయిన పని

ఇంతవరకు చెప్పినది చదివి మొజాంబిక్‌లో అంతా సుఖాంతమైనదని భావించరాదు. 1992లోనే సర్వక్షమాపణ చట్టం వచ్చింది. యుద్ధనేరాలపై విచారణ జరగలేదు. బాధితుల గోడు వినడానికి ప్రత్యేక సంఘమేదీ ఏర్పడలేదు. గ్రామాలలో పెద్దలు, సంప్రదాయ వైద్యులు శుద్ధి కర్మలు జరిపి, తుపాకి పట్టిన పిల్లలను తిరిగి కుటుంబాలలో కలుపుకున్నారు. పల్లె తన గాయాన్ని తానే కట్టుకున్నది. రాజధానిలో మాత్రం అధికారం, సంపద ఒకే పక్షం చేతిలో ఉన్నాయన్న అసంతృప్తి పెరిగింది.

2013లో రెనామో మళ్ళీ ఆయుధం పట్టింది. ఆనాటి సంప్రదింపులలో బిషప్ సెంగులానేతోపాటు షేఖ్ సయీద్ హబీబె అనే ముస్లిం విద్వాంసుడు కూడా పాల్గొన్నాడు. 2014లో ఒక ఒప్పందం, మళ్ళీ ఘర్షణ, 2018లో ద్లకామా మరణం, చివరకు 2019 ఆగస్టు 6వ తేదీన మపూతోలో మరొక శాంతి ఒప్పందం జరిగాయి. ఆ ఒప్పందం క్రింద 5,221 మంది రెనామో యోధులు ఆయుధాలు విడిచారు. వారి చివరి స్థావరం 2023 జూన్‌లో మూతపడింది. 1992లో వ్రాసిన వాక్యానికి ముప్పైయేండ్ల తరువాత పూర్ణవిరామం పడిందన్నమాట.

ఉత్తరాన కాబో డెల్గాడో రాష్ట్రంలో 2017 అక్టోబరులో వేరొక హింసాకాండ మొదలైంది. అక్కడి ప్రజలలో ముస్లింలు అధికం. కెంపులు, సముద్రగర్భంలో సహజవాయువు దొరికిన ఆ ప్రాంతంలో స్థానిక యువకులకు చదువు, ఉపాధి కరవు. ఇస్లాం పేరు చెప్పుకొన్న ఒక సాయుధ ముఠా ఆ నిరాశను వాడుకొన్నది. అది హత్య చేసినవారిలో ముస్లింలే అనేకులు. ఒక దశలో నిరాశ్రయుల సంఖ్య పది లక్షలకు చేరింది. గమనించవలసిన సంగతి ఏమంటే, ఈ ముఠా ధోరణి ప్రమాదకరమైనదని స్థానిక ముస్లిం పెద్దలు దాడులకు ముందే అధికారులను హెచ్చరించారు. ఆ హెచ్చరికను తగినంతగా లక్ష్యపెట్టలేదు. మొజాంబిక్ ఇస్లామిక్ మండలి ఆ హింసను బహిరంగంగా ఖండించింది.

7. మనం గ్రహించవలసినది

విద్యార్థి మిత్రులారా! మతం పేరు వినగానే కలహం స్ఫురించే కాలంలో మనం జీవిస్తున్నాము. ఆ స్ఫురణకు కారణాలు లేకపోలేదు. కాబో డెల్గాడో అందుకు సాక్ష్యం. కాని అదే దేశంలో మతవిశ్వాసమే కొందరిని శత్రువు స్థావరానికి నడిపించింది, తుపాకికి బదులు పారనిప్పించింది, రోగికి మందునందించింది. రెండు వర్గాలవారూ విశ్వాసులమనే చెప్పుకున్నారు. వారిలో భేదాన్ని మాటలలో వెదికితే దొరకదు. చేసిన సేవ ఎవరికి చేరినదో చూస్తే దొరుకుతుంది. తనవారికి మాత్రమే అన్నం పెట్టిన సంస్థను ఇతరులు గౌరవించవచ్చు. తగవు తీర్చమని మాత్రం పిలవరు. మొజాంబిక్‌లో పిలుపు వచ్చినది, తనవారు కానివారికి ముందుగానే అన్నం పెట్టినవారికి.

రెండవది, సేవాసంస్థ చేయగలిగినదానికి హద్దు ఉన్నది. అది తలుపు తెరవగలదు, పారనివ్వగలదు, మందు పోయగలదు. భూమిని, ఉద్యోగాన్ని, న్యాయస్థానాన్ని ఇవ్వవలసినది ప్రభుత్వం. ప్రభుత్వం చేయవలసినది చేయనినాడు దయ ఒక్కటే శాంతిని నిలబెట్టలేదు. 2013 నాటి ఘర్షణ చెప్పేది ఇదే.

మూడవది మనవంటి విద్యాసంస్థలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. అల్పసంఖ్యాకుల విద్యాభివృద్ధి కోసం స్థాపించబడిన కళాశాల తన పిల్లల చదువును చూసుకోవడం ధర్మమే. దానితోపాటు మన గ్రంథాలయం, మన రక్తదాన శిబిరం, మన సాయంకాలపు వయోజన తరగతి పక్క వీధివారికి కూడా తెరచి ఉన్నాయా అని కళాశాల సంఘంవారు, విద్యార్థులు ఏటేటా ప్రశ్నించుకోవడం మంచిది. రోములో ఆ మధ్యవర్తులను తయారుచేసినది పేదపిల్లలకు పాఠం చెప్పిన కొందరు విద్యార్థుల సాయంకాలాలే.

విద్యార్థులు చర్చించవలసిన అంశాలు:

(1) యుద్ధం ముగిసిన దేశంలో నేరాలకు క్షమాపణ ముందా, విచారణ ముందా? మొజాంబిక్ అనుభవం ఆధారంగా వాదించండి.

(2) ఆయుధానికి బదులుగా పనిముట్టు ఇవ్వడం, నేరం చేసినవానికి బహుమతి ఇవ్వడమే అనే విమర్శకు మీ సమాధానమేమి?

(3) మన పట్టణంలో రెండు వర్గాలవారూ సమానంగా నమ్మే సంస్థ ఏది? ఆ నమ్మకం దానికి ఎట్లా వచ్చింది?